కాదన్నాక పొయ్యి ఎట్ల అంటుకుంది? : ఇద్దరు సంగీతకర్తల జీవిత కథలు

మా మర్రిగూడ భజన మండలిలో హార్మోనియం వాయించే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మా వైపు నీళ్ళ సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కర లేదు. ఆ ఫ్లోరిన్ నీళ్ళే తాగి ఆయన నడుం వంగిపోయింది, మెడ ఒక పక్కకు బిగుసుకుపోయింది. వేళ్ళు మాత్రం చివరిదాకా మెట్ల మీద ఆడేవి. ఒక శ్రీరామనవమి రాత్రి, బడిపంతులును గనక, త్యాగయ్య గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పందిట్లో నిలబెట్టారు. నేను అందరూ చెప్పే కథే చెప్పాను. తంజావూరు రాజు బంగారం పంపాడు, త్యాగయ్య తిప్పి పంపాడు, ఆ సందర్భంలోనే కల్యాణి రాగంలో ‘నిధి చాల సుఖమా’ పుట్టింది. జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన పెట్టె తిత్తి మూస్తూ అడిగాడు: “సారూ, రాజు పైసలొద్దన్నడు, మంచిగనే ఉన్నది. మరి తెల్లారి ఇంట్ల పొయ్యెట్ల అంటుకున్నది?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. జవాబు నా దగ్గర లేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. సంగీతకర్తల జీవిత చరిత్రలు ఎప్పుడు చదివినా అది అడ్డం వస్తూనే ఉంది. ఈ మధ్య ఒక జర్మన్ ఆర్గన్ వాద్యకారుడి జీవితం చదువుతున్నప్పుడు మరీ గట్టిగా అడ్డం వచ్చింది. నేను సంగీత శాస్త్రజ్ఞుణ్ణి కాను. జీవితాన్ని మనం కథగా ఎలా మలుచుకుంటామన్నదే ఇక్కడ నా విషయం. అది సాహిత్య విమర్శకు సంబంధించినదేనని నా నమ్మకం.

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ పేరు మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. అతని పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ బాఖ్ పేరు అంతగా తెలియదు. ఫ్రీడెమాన్ 1710లో వైమార్‌లో పుట్టాడు. కొడుక్కి తొమ్మిదేళ్ళప్పుడు, 1720లో, తండ్రి ఒక నోటు పుస్తకం కుట్టి అందులో తన చేత్తో పాఠాలు రాయటం మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచంలో పియానో నేర్చుకునే పిల్లలందరూ వాయించే చిన్న రచనలు కొన్ని మొదట ఆ పుస్తకంలోనే పుట్టాయి. 1733లో డ్రెస్డెన్‌లో ఒక చర్చిలో ఆర్గన్ ఉద్యోగం ఖాళీ అయితే, కొడుకు పేర దరఖాస్తు కూడా తండ్రే రాసి పెట్టాడు. ఉద్యోగం వచ్చింది. పదమూడేళ్ళ తర్వాత, 1746లో, అతను హాలె పట్టణంలో పెద్ద చర్చికి ఆర్గనిస్టుగా వెళ్ళాడు. చిత్రమేమంటే ఈ ఉద్యోగాన్నే అంతకు ముప్పై ఏళ్ళ ముందు తండ్రికి ఇవ్వజూపితే, ఆయన వద్దన్నాడు.

ఆర్గనిస్టు ఉద్యోగం అంటే మనవాళ్ళు గుడిలో సన్నాయి మేళం లాంటిదనుకోవచ్చు. పోలిక కొంతవరకే సరిపోతుంది. ఆర్గనిస్టు ఆరాధన వేళకు వాయించాలి, పండుగలకు కొత్త రచనలు చేసి గాయకుల చేత పాడించాలి, ఊరు దాటి వెళ్ళాలంటే పెద్దల అనుమతి తీసుకోవాలి. అతను చర్చి పాలక సంఘానికి జీతగాడు. తండ్రి బాఖ్ అయితే ఒక రాజు కొలువు వదిలి మరో రాజు కొలువుకు పోతానని పట్టుబట్టినందుకు 1717లో దాదాపు నెల్లాళ్ళు ఖైదులో ఉన్నాడు. ఆ కాలంలో యూరప్ సంగీతకర్త పరిస్థితి ఇది. కొలువు మారటం కూడా నేరమే.

హాలెలో ఫ్రీడెమాన్ పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. అందులో ఏడేళ్ళు, 1756 నుంచి 1763 దాకా, యుద్ధంలోనే గడిచాయి. సైన్యాలు వచ్చాయి, పోయాయి. వచ్చినప్పుడల్లా పన్ను వేశాయి. భార్యకు ఉన్న కొద్దిపాటి ఆస్తి మీద పడిన పన్ను తగ్గించమనీ, జీతం పెంచమనీ అతను అడిగితే చర్చి పెద్దలు రెండూ కాదన్నారు. పైగా విధుల్లో అశ్రద్ధ చేస్తున్నావని చీవాట్లు పెట్టారు. 1762లో డార్మ్‌స్టాట్ ఆస్థానం నుంచి పిలుపు వచ్చింది గాని బేరసారాల్లోనే అది జారిపోయింది. 1764 మే నెలలో, చేతిలో ఇంకో ఉద్యోగం లేకుండానే, అతను రాజీనామా చేశాడు.

అప్పటికి అతని వయసు యాభై మూడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు. మళ్ళీ ఏ కొలువులోనూ నిలదొక్కుకోలేదు. హాలెలోనే కొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు. 1770లో భార్య ఆస్తి అమ్ముకుని బ్రౌన్‌ష్వైగ్‌కు పోయాడు, 1774లో బెర్లిన్‌కు చేరాడు. తండ్రి నుంచి వాటాగా వచ్చిన చేతిరాత ప్రతుల్ని వేలానికి పెట్టాడు. అలా చెదిరినవాటిలో ఎన్నో మళ్ళీ దొరకలేదు. తండ్రి రాసుకున్న ఒక ఆర్గన్ రచన ప్రతి మీద, ‘ఇది నాది, మా నాన్న ఎత్తి రాశాడు’ అనే అర్థం వచ్చేట్టు రాసి పెట్టాడు. అది అసలు ఇటలీ సంగీతకర్త వివాల్డిదనీ, దాన్ని ఆర్గన్‌కు మలిచింది తండ్రేననీ 20వ శతాబ్ది ఆరంభంలో గాని తేలలేదు. 1784 జూలై 1న బెర్లిన్‌లో పేదరికంలో చనిపోయాడు.

ఈ జీవితాన్ని 19వ శతాబ్దం కథ చేసుకుంది. 1858లో బ్రాఖ్‌ఫోగెల్ అనే రచయిత దీన్ని నవలగా రాశాడు. అందులో ఫ్రీడెమాన్ తండ్రి నీడలో మాడిపోయిన మేధావి, తనను తాను నాశనం చేసుకున్నవాడు. జనం ఎగబడి చదివారు. 1941లో దాని ఆధారంగా సినిమా కూడా వచ్చింది. ఫ్రీడెమాన్ అంటే తాగుబోతు, తండ్రి ఆస్తిని పాడుచేసిన కొడుకు అనే మాట స్థిరపడిపోయింది. తండ్రి ప్రతులు పోయాయన్న కోపం సంగీత ప్రియులకు ఉండటం సహజమే. నాకూ ఉంది. ఆ అబద్ధపు సంతకాన్ని ఎవరూ సమర్థించలేరు. కాని వేలం వేసినవాడి ఇంట్లో ఆ రోజు ఏముందో ఆ నవల అడగదు.

ఇప్పుడు త్యాగయ్య దగ్గరికి వస్తాను. ఫ్రీడెమాన్ రాజీనామా చేసిన మూడేళ్ళకు, 1767లో, త్యాగయ్య తిరువారూరులో పుట్టారు. ఆయన కూడా కొలువు వద్దన్నవారే. పని ఒకటే. ఇక్కడి సమాజం ఆ పనికి ఇచ్చిన పేరు వైరాగ్యం, అక్కడి సమాజం ఇచ్చిన పేరు పతనం. ఇద్దరి స్వభావాల్లో తేడా ఉందనటం తేలికైన జవాబు. ఉండే ఉంటుంది. కాని స్వభావంతో సర్వం వివరించే విమర్శ మీద నాకు నమ్మకం తక్కువ.

బంగారం పంపిన రాజుగా సాధారణంగా శరభోజి పేరు చెబుతారు. శరభోజి 1798లో గద్దెనెక్కాడు. మరుసటి ఏడే కంపెనీవారితో కుదిరిన ఒప్పందంతో రాజ్యపాలన కంపెనీ చేతికి పోయింది. రాజుకు మిగిలింది కోటా, భరణమూ, ఆదాయంలో అయిదో వంతూ. అంటే మన కథలో బంగారం పంపించే చక్రవర్తి నిజానికి తెల్లవాడి దగ్గర భరణం పుచ్చుకునే పెద్దమనిషి. ఆయన గొప్ప విద్యాప్రియుడు, సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని పెంచినవాడు. అది కాదనను. కాని హరికథల్లో, 1946లో నాగయ్యగారి ‘త్యాగయ్య’ సినిమాలో మనం చూసే ఆ రాజదర్పం అప్పటికే డొల్ల.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పట్టక తప్పదు. శరభోజిని చిన్నతనంలో కాపాడి చదువు చెప్పించిన సంరక్షకుడు ష్వార్జ్ అనే జర్మన్ మిషనరీ. అతను చదువుకున్నది హాలెలో. అక్కడ చేరింది 1746లో, అంటే ఫ్రీడెమాన్ ఆ ఊళ్ళో ఆర్గన్ ముందు కూర్చున్న ఏడే. ఇంకా వినండి. అంతకు ముందు మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ స్వదేశం చేరి, 1746, 1747లలో అదే హాలెలో తెలుగు అక్షరాలు పోత పోయించి చిన్న చిన్న క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలుగా ముద్రణ చరిత్రలో వీటినే చెబుతారు. ఒక వీధిలో సీసపు తెలుగు అక్షరాలు, ఇంకో వీధిలో బాఖ్ కొడుకు ఆర్గన్! పాత పద్ధతి చరిత్రకారుడికి ఈ సరుకు దొరికితే ష్వార్జ్‌ను ఫ్రీడెమాన్ శిష్యుణ్ణి చేసి, ఆ నాదాన్ని శరభోజి చెవి ద్వారా తిరువయ్యారు దాకా నడిపించేవాడు. నాకూ చేయి దురద పెట్టింది. కాని ఒకే ఊళ్ళో ఉండటం వేరు, ఒకరి పాట ఒకరు వినటం వేరు.

త్యాగయ్య జీవిత చరిత్రలు అల్లిన పద్ధతి సరిగ్గా ఇదే. కీర్తనలు దాదాపు ఏడు వందలు దొరికాయి, తేదీలు లేవు. బాఖ్‌లకు దరఖాస్తులు, జీతాల లెక్కలు, చర్చి పెద్దల చీవాట్లు కాగితం మీద మిగిలాయి. మనకు మిగిలింది పాట. అందుకని హరికథకులు ప్రతి ప్రసిద్ధ కీర్తన కిందా ఒక సంఘటన పెట్టారు. ‘ఎందు దాగినాడో’ ఉంది గనక అన్న విగ్రహాల్ని కావేరిలో పారేశాడన్న కథ దానికి అతుక్కుంది. ఇక ఆ కథతో కీర్తనను వివరిస్తారు, ఆ కీర్తనే కథకు సాక్ష్యమంటారు. గానుగెద్దు తిరిగినట్టు ఇందులో ఎంత నడిచినా అక్కడే ఉంటాం. భగవంతుడు కనబడలేదని ఏడ్చే పాట రాయటానికి కవికి విగ్రహం పోనక్కర లేదని మనకు తెలియదా? మన సాహిత్య విద్యార్థులు వేమన జీవితం దగ్గరా ఇదే పని చేస్తున్నారు.

సరే, పొయ్యి సంగతి. త్యాగయ్య ఉంఛవృత్తి చేశారు. భుజాన పాత్ర, చేతిలో తంబుర, వెంట శిష్యులు, నోట నామం. తిరువయ్యారు వీధుల్లో ఇళ్ళవాళ్ళు పోసిన బియ్యంతో ఆ పూట గడిచేది. ఆ బియ్యం కావేరి డెల్టాలోది. పోసిన చేయి ఇల్లాలిది, పండించిన చేయి పొలంలో తరతరాలుగా కట్టుబడి పనిచేసిన కూలీది. ఆ కూలీ ఆ వీధిలో నడవటానికి వీల్లేదు. 1781లో హైదరలీ దండు తంజావూరు సీమను తొక్కి పంటలు మాడ్చినప్పుడు త్యాగయ్యకు పద్నాలుగేళ్ళు. బియ్యం విలువ తెలియని కుర్రవాడేమీ కాదు. ఆయన నిలబడిన ఇల్లు కూడా తండ్రి రామబ్రహ్మానికి రాజు ఇచ్చిందేనని సంప్రదాయం. గురువు శొంఠి వెంకటరమణయ్య తంజావూరు ఆస్థాన విద్వాంసుడు. ఆస్థానాన్ని కాదన్న పాట ఆస్థానం పోషించిన విద్యలోనే పెరిగింది.

ఇది చెప్పి త్యాగయ్యను పడగొట్టాననుకునే మిత్రులుంటారు. ముప్పై ఏళ్ళ కిందట నేనూ ఆ జట్టులోవాణ్ణే. ఒక జిల్లా సభలో, త్యాగయ్య ప్రజల బాధ పట్టని అగ్రహార భక్తుడని ఉపన్యాసం దంచాను. అది ఒక సంచికలో అచ్చు కూడా అయింది. ఈ యాంత్రిక పద్ధతికి వ్యక్తి ఏ గడప మీద నిలబడ్డాడన్నదే కనబడుతుంది. ఆ గడప మీద నిలబడి ఏమి చేశాడన్నది కనబడదు. త్యాగయ్య చేసిన పని ఏమిటి? పల్లవిలో ఒక పంక్తిని తీసుకుని, ఒక్కొక్క సంగతిగా పెంచుతూ, అదే మాటకు కొత్త అర్థం వచ్చేదాకా తిప్పటం. ఇది ఒంటరిగా కూర్చుని చేసే పని కాదేమోనని నాకనిపిస్తుంది. ఎదుట శిష్యులుండాలి, ఒకటికి పదిసార్లు చెప్పాలి, వాళ్ళ గొంతుల్లో అది నిలవాలి. ఆస్థానంలో ఒక సాయంత్రం రాజు మెప్పు కోసం పాడే పాటకు ఈ తీరిక ఉండదు. ఉంఛవృత్తి ఇచ్చింది ఆ తీరిక. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ లాంటి శిష్యులు రాసి పెట్టుకోకపోతే ఆ ఏడు వందలూ మనకు లేవు. ఆయన నేత పనికి పేరుపడ్డ సౌరాష్ట్ర సమాజం మనిషి.

ఫ్రీడెమాన్‌కు లేనిది సరిగ్గా ఇదే. కొలువు విడిచినవాడికి హాలె వీధుల్లో పాత్ర పట్టుకుని తిరిగే మర్యాద లేదు. తిరిగితే బిచ్చగాడంటారు. ఇక మిగిలింది అంగడి. ఆ అంగడి రుచి అతనికి ముందే తెలుసు. 1745లో ఆరు సొనాటాలు అచ్చు వేయాలనుకుని ఒక్కటి వేశాడు. తన దగ్గర డ్రెస్డెన్‌లోనూ, తండ్రి దగ్గర లైప్‌జిగ్‌లోనూ, తమ్ముడి దగ్గర బెర్లిన్‌లోనూ దొరుకుతుందని అట్ట మీద వేశాడు. కుటుంబమంతా కలిసి దుకాణం పెట్టినా కొన్నవాళ్ళు తక్కువ. రచన మరీ కష్టం. ఇళ్ళలో మెట్ల వాద్యం ముందు కూర్చునే పెద్దింటి పిల్లలకు వేళ్ళకందేది కావాలి. తమ్ముడు ఎమాన్యుయెల్ ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కొలువులో పాతికేళ్ళకు పైగా ఓపిక పట్టి, ఆ తర్వాత హాంబుర్గ్‌లో మంచి పదవికి పోయాడు, తండ్రి కాగితాలూ కాపాడాడు. అతణ్ణి తక్కువ చేయను. కాని కాగితాలు భద్రంగా ఉండటానికి మంచి బీరువా కావాలి, బీరువాకు కదలని ఇల్లు కావాలి.

రాజీనామా తర్వాతి రోజుల్లోవిగా చెప్పే పన్నెండు పొలొనేజులు ఈ మధ్య మనవరాలి ఫోనులో విన్నాను. పొలొనేజ్ పోలండ్ నాట్యం. దొరలు జంటలుగా నడిచే ఆట. సాక్సనీ ప్రభువే పోలండ్‌కూ రాజు గనక డ్రెస్డెన్‌లో అది రాజఠీవికి గుర్తు. ఫ్రీడెమాన్ చేతిలో ఆ నడకకు కాళ్ళు తడబడతాయి. దిగులు స్వరాల్లో సాగే వాటిలో రెండు అడుగులు వేసి ఆగిపోతుంది, ఏదో గుర్తొచ్చినట్టు పక్కకు తిరుగుతుంది, చెప్పబోయిన మాట మింగుతుంది. దొరల ఆటను తీసుకుని, దొరలు ఆడటానికి వీల్లేకుండా చేశాడు. ఇవి అతని జీవిత కాలంలో అచ్చు కాలేదు. తాగుబోతు కథ చదివి వింటే ఇందులో తాగుడు వినిపిస్తుంది. రాజీనామా పత్రం చదివి వింటే ఇంకేదో వినిపిస్తుంది. నా చెవికి రెండోదే.

పెద్దాయన ప్రశ్నకు ఇంకో కొస ఉంది. అది మా ఊళ్ళోనే ఉంది. నా చిన్నతనంలో పంట కల్లానికి వచ్చే వేళకు శారదకాండ్లు వచ్చేవాళ్ళు. భుజాన శారద, కాళ్ళకు గజ్జెలు, పక్కన వంత ఆడవాళ్ళు. రాత్రంతా కథ చెప్పి తెల్లారి ఇల్లిల్లూ తిరిగి గింజలు తీసుకునేవాళ్ళు. భుజాన వాద్యం, నోట పాట, చేతిలో పాత్ర. త్యాగయ్య చేసిందానికీ దీనికీ చూపులకు తేడా లేదు. ఒకదాన్ని ఉంఛవృత్తి అన్నాం. రెండోదాన్ని అడుక్కోవటం అన్నాం. శారదకాండ్లకు వాకిట్లోనే చాట ఒలకబోసేవాళ్ళు, అరుగు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ బాణీలు రాసుకున్న శిష్యులు లేరు, కాదన్న రాజూ లేడు. వాళ్ళకు బంగారం ఎవరూ పంపలేదు గదా, తిప్పి పంపటానికి! త్యాగాన్ని కళాకారుడి గొప్పతనానికి కొలబద్ద చేసుకున్న విమర్శలో ఇలాంటివాళ్ళకు చోటు ఎక్కడ దొరుకుతుంది?

చివరికి ఈ ఇద్దర్నీ మనదాకా తెచ్చినవాళ్ళు కూడా గడప బయటివాళ్ళే. బెర్లిన్‌లో ఫ్రీడెమాన్ ముసలితనంలో అతని దగ్గర పాఠం నేర్చుకున్న యూదు యువతి సారా లెవీ అతని రచనలు సేకరించి దాచింది, తర్వాత బెర్లిన్ గాన సమాజానికి ఇచ్చింది. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించి 1925లో ప్రతిష్ఠ చేయించింది బెంగుళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను పూర్తిగా అచ్చు వేయించి నిషేధం ఎదుర్కొన్న నాగరత్నమ్మే ఈమె. నగలూ ఆస్తీ ఆ సమాధి కోసం ధారపోసింది. ఆమె కట్టించిన గుడి ముందు జరిగే ఆరాధనలో ఆడవాళ్ళకు పాడే హక్కు లేదన్నారు. ఆమె ఆడవాళ్ళతో వేరే ఆరాధన పెట్టి పాడించింది. 1940 ప్రాంతాల్లో గాని పంతాలు సడలి అందరూ ఒకచోట పాడలేదు. త్యాగయ్య బంగారం కాదన్న కథను ఏటా అక్కడ చెబుతూనే ఉన్నారు. నాగరత్నమ్మ బంగారం కథ అంత గట్టిగా చెప్పరు.

నా పాత ఉపన్యాసం అచ్చులో ఉంది గనక, దాని సంగతి ఇక్కడే తేల్చాలి. త్యాగయ్య ప్రజల బాధ పట్టనివాడన్న వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. రాజు గడప దిగి వీధి గడపల ముందు నిలబడినవాడి గురించి అలా రాయటానికి నాకు ఆధారం లేదు. ఆయన పాత్రలో పడిన బియ్యాన్ని పండించిన చేతుల గురించి, దొరికిన కీర్తనల్లో నేను చదివినంత వరకు ఎక్కడా లేదన్న వాక్యం కూడా ఆ ఉపన్యాసంలోనే ఉంది. దాన్ని మాత్రం అలాగే ఉంచుతున్నాను.